మగవాళ్ళ గదిలో పద్నాలుగు డిగ్రీలు

గాంగ్వొన్ కొండల్లో, బొగ్గు గని మూతపడ్డ ఒక ఊళ్ళో పెద్దల ఇల్లు. ఊళ్ళోని ముసలివాళ్ళంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలం గడిపేది అక్కడే. ఆడవాళ్ళకో గది, మగవాళ్ళకో గది, మధ్యన ఒక తలుపు, వెనక వంటిల్లు. రెండు గదులకూ నేల కింద పరిచిన వేడినీళ్ళ గొట్టాలే కుంపటి. మొదటి మంచు పడ్డ నాటి నుంచీ మగవాళ్ళ గది నేల మాత్రం చల్లబడిపోయింది. పొద్దున పదకొండు గంటల వేళ, సింకు కింద తల దూర్చి ఉంది బాయిలరు మెకానిక్కు హేరిమ్. ఆమె వీపు వెనకే మల్సున్ మామ్మ.

"ముందు రెండు ముద్దలు తినవే పిల్లా. ఎప్పుడు తిన్నావో ఏమో. ఆ గొట్టాలు ఎక్కడికీ పారిపోవు."

"పనయ్యాక తింటాను మామ్మా. కాస్త పక్కకి జరుగు, వెలుతురు రావట్లేదు."

"జరిగాను. పోనీ బార్లీ నీళ్ళు తాగుతావా?"

"ఇందాకే రెండు గ్లాసులు తాగించావు, కడుపులో గుడగుడలాడుతున్నాయి. చూడబోతే నేనీ పని చెయ్యటం నీకిష్టం లేనట్టుంది."

"అదేం మాటే. పన్నెండు మంది ముసలాళ్ళు ఇరవై రోజులై మా గదిలో పడి ఉన్నారు. ఎప్పుడు పోతారా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నా."

"లెక్కపెట్టుకుంటున్నావు కదా, అయితే అడిగినదానికి తిన్నగా చెప్పు. మగవాళ్ళ గదిలో గోడమీద డబ్బా పద్నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. పెట్టింది ఇరవై ఎనిమిదికి. ఎర్రదీపం వెలుగుతోంది. అంటే వేడి కావాలని అది అడుగుతూనే ఉంది, ఎవరూ ఇవ్వట్లేదు."

"పాపం."

"ఎవరు పాపం?"

"ఆ డబ్బా. ఇరవై రోజుల్నించీ అడుగుతూనే ఉందన్నావుగా. దానికి మొహమాటం లేదు, నయమే."

"మొదటి రోజు ఏమైంది?"

"ఏ మొదటి రోజు?"

"గది చల్లబడ్డ రోజు."

"చల్లబడింది."

"అంతేనా?"

"చలికాలం కదే. చల్లబడక ఏం చేస్తుంది."

"మామ్మా, మీ గది నేలమీద అట్టు పోసుకోవచ్చు. గోడకి అవతల వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చలికాలం గోడకి ఒకవైపే వచ్చిందా?"

"మా గదిలో చలికాలమంతా సోయా గింజలు పులియబెడుతూనే ఉంటాం, దుప్పటి కింద. విడతకి మూడు రోజులు వేడి తగ్గకూడదు. తగ్గిందంటే జిగురు రాదు, ఉత్త కంపు మిగుల్తుంది."

"కంపు ఇప్పుడూ ఉంది."

"అది సువాసన."

"ఆ సువాసనలో పన్నెండు మంది మగాళ్ళు ఎలా కూర్చుంటున్నారో."

"పదకొండు మంది ముక్కు మూసుకుని కూర్చుంటున్నారు."

"పన్నెండో ఆయన?"

"నేను గింజలు చూసేటప్పుడు దుప్పటి ఎత్తి పట్టుకుంటాడు. ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. అడ్డమైన ప్రశ్నలూ మాని నీ పని చూసుకో."

"చూసుకుంటున్నా. ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఉందేం? మిగతావాళ్ళు ఎక్కడికెళ్ళారు?"

"ఈ పెద్దల ఇంటి ప్రెసిడెంటు ప్యో అందర్నీ బస్సెక్కించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పన్నెండు దాటాక వస్తారు."

"నువ్వెళ్ళలేదేం?"

"నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. గింజల్ని వదిలి ఎలా వెళ్ళను."

"ఇంకెవరూ లేరా ఇంట్లో?"

"మాన్సు ఉన్నాడనుకుంటా. మోకాలు నొప్పంట. పెరట్లో మంచు ఊడుస్తున్నాడు."

"మోకాలు నొప్పయితే మంచు ఎలా ఊడుస్తున్నాడు?"

"మోకాలితో ఊడుస్తారటే ఎవరైనా? చేతుల్తో ఊడుస్తాడు."

"సరే. ఇటు చూడు. మీ గోడమీద డబ్బా వాళ్ళ గదికీ, వాళ్ళ డబ్బా మీ గదికీ మార్చి చూశాను. రెండూ బాగానే పలుకుతున్నాయి, డబ్బాల తప్పు లేదు. తప్పంతా ఇక్కడే. బాయిలరు నుంచి వేడినీళ్ళు ఈ ఇత్తడి గొట్టంలోకి వస్తాయి. దీనికి రెండు కొమ్మలు, ఇది మీ గదికి, అది మగవాళ్ళ గదికి. కొమ్మకో చిన్న మోటారు. గోడమీద డబ్బా అడగ్గానే మోటారు తిరిగి నీళ్ళకి దారిస్తుంది. అర్థమైందా?"

"అర్థం కాకేం. గని క్యాంటీన్లో ముప్ఫై ఏళ్ళు వండాను. అక్కడా గొట్టాలే."

"అయితే ఇదీ అర్థమవుతుంది. ఇది మగవాళ్ళ మోటారు తీగ. ప్లగ్గులో లేదు."

"ఊడిపోయి ఉంటుంది."

"ఊడిపోతే వేలాడుతూ ఉండాలి. ఇది చక్కగా చుట్టచుట్టి ఉంది."

"ఎలకలు. ఈ వంటింట్లో ఎలకలు మహా జాస్తి."

"చుట్టచుట్టి, మధ్యలో ఎర్ర ఊలు దారంతో ముడేసి ఉంది మామ్మా."

"ఓహో."

"ముడి పైన మళ్ళీ పువ్వు ముడి."

"కొన్ని ఎలకలకి పనితనం ఉంటుందే."

"నీ స్వెట్టరు మోచేతి దగ్గర అల్లింది ఇదే ఎరుపు."

"ఎరుపు లోకంలో నాకొక్కదానికే ఉందేమిటి."

"మామ్మా."

"ఏంటి."

"నావైపు చూడు."

"ఎందుకే చంపుకు తింటావు. అవును, నేనే పీకాను. మొదటి మంచు పడ్డ సాయంత్రం, అందరూ ఇళ్ళకి పోయాక పీకాను. వేలాడుతుంటే నీళ్ళు తగిలి ఎవరికన్నా షాకు కొడుతుందని చుట్టి కట్టాను. చాలా?"

"చాలదు. ఎందుకు పీకావు?"

"రెండు గదుల మధ్య తలుపు చూశావా?"

"చూశాను."

"పొద్దున తొమ్మిదింటికి వస్తాం. మగాళ్ళు అటు, ఆడాళ్ళు ఇటు, తలుపు మూత. భోజనాల వేళ పావుగంట తెరుస్తారు. మళ్ళీ మూత. ఐదింటికి ఎవరి కొంపకి వాళ్ళం. మాన్సు పెళ్ళాం పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆ మనిషి గొంతు నేను విన్నది ఒకే ఒక్క మాటలో. కాస్త కిమ్చీ వెయ్యి, అంతే. అది కూడా ఆ పావుగంటలోనే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఇరవై రోజుల్నించీ రోజంతా వింటున్నా. మనిషి ఎంత నవ్విస్తాడనుకున్నావు. నిన్న పేకాటలో హ్వాతు ముక్కలు పంచుతూ ప్రెసిడెంటు నడకని వెక్కిరించాడు. నవ్వలేక చచ్చాను, పళ్ళసెట్టు చారుగిన్నెలో పడింది. తీసిచ్చింది కూడా ఆయనే, గరిటెతో."

"మరి మీ ఇద్దరికీ అస్సలు పడదన్నారే ప్రెసిడెంటు గారు? పొద్దస్తమానం కీచులాటేనట. కొట్టుకునేలోగా ఆ గది బాగుచెయ్యమని ఫోన్లో ఒకటే బతిమాలుడు."

"తిట్టకపోతే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? తొమ్మిది మంది ఆడాళ్ళున్నారే నా గదిలో, పద్దెనిమిది కళ్ళు. అందుకే రోజూ పొద్దున్నే, నీ సాక్సు కంపు, అవతలికి కూర్చో అని అరుస్తా. ఆయనా తక్కువ తిన్నాడా, మా గది ఎప్పుడు బాగవుతుందో, ఈ సోయా కంపులో చచ్చిపోతున్నా అంటాడు. నాకు అదే గుబులు. నిజంగానే అంటున్నాడేమో. గది వెచ్చబడిందంటే తిరిగి చూడకుండా పోతాడేమో."

"అడగొచ్చుగా."

"నేనేమన్నా గోడమీద డబ్బానా, అడగటానికి. నాకు ఆయనంటే ఇష్టమే పిల్లా. డెబ్బై నాలుగేళ్ళు నాకు. నవ్వుకో."

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నావు, భుజాలు ఊగుతున్నాయి."

"స్క్రూ తిప్పుతున్నా మామ్మా."

"ప్యో ఏమన్నాడో నీకు చెప్పాడా? ఇవాళ బాగుపడకపోతే ఆ గదికి తాళం వేసేస్తారు, వసంతం దాకా అందరం ఒకే గదిలో. బాగుపడితే మధ్యాహ్నం నుంచే మధ్య తలుపు మూత. నీ నోట్లో మాటమీద ఉంది నా చలికాలమంతా. పాడైపోయింది, ఇప్పట్లో కాదు అని ఒక్క ముక్క అనవే."

"అబద్ధం ఆడమంటావా?"

"అబద్ధమెందుకు. ఆలస్యమను."

"పదహారేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. చల్లటి గదిని వదిలేసి ఏ ఇంటి గడపా దాటలేదు. కొండ కింద ఊళ్ళన్నీ నన్నే పిలిచేది అందుకు. పన్నెండు మంది పెద్దవాళ్ళ గది అలా వదిలేసి పోలేను మామ్మా. తీగ పెడుతున్నా. పెట్టేశాను. నీ పేరు మాత్రం నా నోట రాదు, సరేనా?"

"రానియ్యకు. ప్యో సంగతి నీకు తెలీదు. నిరుడు ఒకాయన ఇక్కడి దుప్పట్లు రెండు ఇంటికి పట్టుకుపోతే, వసంతం దాకా గడప తొక్కనివ్వలేదు."

"మోటారు తిరిగింది. వింటున్నావా, గుర్రుమంటోంది. పది నిమిషాల్లో ఈ గొట్టం పట్టుకోలేనంత వేడెక్కుతుంది."

"పది నిమిషాలేనా."

"వెళ్ళి గింజలు చూసుకో. ఏడవకు మామ్మా."

"నేనెందుకు ఏడుస్తా. ఉల్లిపాయ."

"ఇక్కడ ఉల్లిపాయ లేదు."

"ఎక్కడో ఉండే ఉంటుందిలే."

మల్సున్ మామ్మ ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి పెరటి తలుపు తీసుకుని మాన్సు తాత వంటింట్లోకి వచ్చాడు.

"అయిందా అమ్మా?"

"అవ్వాలి తాతా. అవ్వట్లేదు. మోటారు తిరిగి పావుగంటయింది. గొట్టం జానెడు మేర కాలుతోంది, ఆపైన అంతా చల్లగానే ఉంది. ఒక జబ్బుకి మందేశాను, దాని కింద ఇంకోటి నక్కి ఉన్నట్టుంది."

"ఒక జబ్బా? ఏం జబ్బు?"

"అదేంలే, చిన్నది. అయిపోయింది."

"పాత సరుకమ్మా, మాలాగే. తుప్పు పట్టి ఉంటుంది. వదిలెయ్, చేతులు చూడు ఎలా కమిలిపోయాయో."

"ప్లాస్టిక్కు గొట్టానికి తుప్పెక్కడిది తాతా."

"అయితే గాలి. గొట్టంలో గాలి చేరితే నీళ్ళు కదలవు."

"గాలి వదిలాను. నీళ్ళు పోవటానికి దారి ఉంది, తిరిగి రావటానికే లేదు. అదిగో, ఆ చివర వాల్వు మూసేసి ఉంది. పిడి ఊడదీసి మరీ పానాతో బిగించారు. ఇత్తడి మీద గీత పడకుండా మధ్యలో గుడ్డ పెట్టారు, దాని పీచు ఇంకా అంటుకునే ఉంది. గరిటె పట్టే చెయ్యి కాదిది."

"ఎవరో ప్లంబరు చేసుంటాడు."

"ప్లంబరు గుడ్డ పెట్టడు. నువ్వు గనిలో ఏం చేసేవాడివి తాతా?"

"గనిలోనా? గనిలోనే."

"గనిలో ఏం పని?"

"అందరిలాగే ఏదో ఒకటి."

"తాతా."

"స్నానాల గది బాయిలరు. ముప్ఫై రెండేళ్ళు."

"వాల్వు పిడి ఎక్కడుంది?"

"ఏ పిడి?"

"నీ కోటు కుడి జేబు కిందకి జారిపోతోంది."

"ఇదిగో. పారేయబుద్ధి కాలేదు, మంచి సరుకు."

"ఎప్పుడు బిగించావు?"

"మొదటి మంచు పడ్డ మర్నాడు. పొద్దున్నే, అందరికంటే ముందొచ్చి."

"మర్నాడు పొద్దున్నా? కానీ అప్పటికి..."

"అప్పటికి ఏం?"

"ఏం లేదు. ఎందుకు బిగించావు?"

"మా గదిలో ఏముందమ్మా. ఒకడు రక్తపోటు గురించి చెప్తాడు, ఇంకొకడు చక్కెర గురించి చెప్తాడు. ఎవడి మాత్ర ఏ రంగో నాకు కంఠతా వచ్చు. ఇక్కడయితే బాగుంటుంది."

"సోయా కంపులోనా? చచ్చిపోతున్నానని రోజూ గొడవట కదా."

"అది అనాలి కాబట్టి అంటాను. మల్సున్ తెల్లారగానే సాక్సు కంపని నన్ను మూలకి తరుముతుంది. అంతమంది ముందు నేనూ ఒక మాట అనకపోతే బాగోదు. ఈ ఇరవై రోజుల్లో ఆరు జతల సాక్సు కొన్నానమ్మా. రోజుకొకటి ఉతికి ఆరేసి వస్తున్నా. అయినా కంపేనట."

"ఆవిడ తరుముతుంటే ఈ గదిలోనే ఎందుకుండాలని?"

"మూలన కూర్చుంటే ఆవిడ సరిగ్గా ఎదురుగా కనపడుతుంది. ఈ వయసులో నాకింతకన్నా ఏం కావాలి."

"అయ్యో తాతా. వాల్వు తెరవక తప్పదు నాకు."

"తెరువు. నీ పని నువ్వు చెయ్యాలి. ప్యో పేరడిగితే నాది చెప్పు. మొత్తం నాదే అని చెప్పు."

"మొత్తం అంటే?"

"నీకు ఎన్ని జబ్బులు కనపడితే అన్నీ. నెమ్మదిగా తిప్పమ్మా, ఎడమకి. దాని మర కాస్త మొండిది."

"నాకు తెలుసు తాతా."

వాల్వు తెరుచుకుని గొట్టంలో నీళ్ళు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి మల్సున్ మామ్మ తిరిగొచ్చింది.

"ఏంటి ఇద్దరూ గుసగుసలు? మాన్సూ, మంచు కాళ్ళతో వంటింట్లోకి వచ్చేశావా?"

"బూట్లు విప్పే వచ్చాను."

"సాక్సు?"

"కొత్తవి."

"కొత్తవైతే మాత్రం."

"ఇద్దరూ ఒక్క నిమిషం ఊరుకోండి, ప్రెసిడెంటు గారి ఫోను. హలో, చెప్పండి. ఆఁ, అయిందండీ, నేల వెచ్చబడుతోంది. తప్పు రెండు చోట్ల ఉందండీ, ఒక తీగ, ఒక వాల్వు. లేదండీ, వాల్వు దానంతటది మూసుకోదు, నిజమే. అబద్ధం నాకు చేతకాదు. మనిషి చేసిన పనే. ఎవరో నేనెలా చెప్పనండీ, నేను మెకానిక్కుని, పోలీసుని కాను. ఏంటీ? పేరు తెలిసేదాకా ఎవర్నీ గడప తొక్కనివ్వరా? మొత్తం అందర్నీనా? ఈ చలిలోనా?"

"ఇటివ్వు ఫోను. చెప్పేస్తాను. నేనే ఆ తీగ..."

"నువ్వాగు మల్సున్. ఇటివ్వమ్మా హేరిమ్. ప్యో, నేను మాన్సుని. నేనే చేశాను. వాల్వూ నేనే, తీగా నేనే. ఎందుకంటే ఏం చెప్పను, బుద్ధి పుట్టింది, చేశాను. సరే. సరే, వసంతం దాకా రానులే. నీ కళ్ళ సంగతి ఏమన్నాడు డాక్టరు? పర్లేదా? మంచిది, ఉంటా."

"నీకేమన్నా మతిపోయిందా మాన్సూ? తీగ నువ్వెందుకు పీకుతావు? పీకింది నేను. వాల్వేంటి మధ్యలో?"

"వాల్వు ఈయన పని మామ్మా. ఇప్పుడే ఒప్పుకున్నాడు."

"నువ్వా? మా గది ఎప్పుడు బాగవుతుందో అని రోజూ నా గుండెల్లో రైళ్ళు పరిగెత్తించావు కదయ్యా. నువ్వే మూసేశావా?"

"నువ్వు నా సాక్సుని బతకనిచ్చావా?"

"సాక్సుకేం, బాగానే ఉంటాయి. మొన్నటి నీలంవి ఇంకా బాగున్నాయి."

"నీలంవా? ముందే చెప్తే నాలుగు జతలు అవే తెచ్చుకునేవాణ్ణి."

"ఇప్పుడు వసంతం దాకా ఎక్కడ కూర్చుంటావు?"

"మా ఇంట్లో."

"ఎవరితో?"

"రేడియోతో."

"నా పాపానికి నువ్వు రేడియో వింటూ కూర్చుంటావా? చూడు, ఈ గింజలు రేపు పొద్దుటికి అయిపోతాయి. ఎల్లుండి నుంచి నేనూ ఇక్కడికి రాను. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. గోడమీద డబ్బా కూడా ఒక్కటే. మధ్య తలుపులు లేవు. వస్తే రా, రాకపోతే మానెయ్."

"ఎన్నింటికి?"

"తొమ్మిదికి."

"ఎనిమిదికి రానా?"

"ఏడున్నరకే లేచి ఉంటాలే."

"ఊళ్ళోవాళ్ళు?"

"పద్దెనిమిది కళ్ళకీ ఇవాళే పరీక్ష అయింది కదా. బాగా చూడనీ."

"నేనింకా ఇక్కడే ఉన్నాను, ఇద్దరికీ గుర్తుందా? పోయేముందు నాకొక్కటి తేల్చు తాతా. బుర్ర తొలిచేస్తోంది."

"అడుగమ్మా."

"మామ్మ తీగ పీకింది మంచు పడ్డ సాయంత్రం. నువ్వు వాల్వు మూసింది మర్నాడు పొద్దున. రాత్రంతా వేడి లేక అప్పటికే ఆ గది గడ్డకట్టి ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళు బాయిలరు కాసినవాడివి, నేలమీద కాలు పెట్టగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. నువ్వు మూసినా మూయకపోయినా ఆ గది మారదు. మరి ఎందుకు మూశావు?"

"చెప్పాలా?"

"చెప్పు మాన్సూ. నాకూ తెలియాలి."

"ఆ సాయంత్రం గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాను. నువ్వు ఈ సింకు కింద కూర్చుని, ఏదో కూనిరాగం తీస్తూ, తీగకి ఎర్ర దారం ముడేస్తున్నావు. ఆ ముడి చూస్తే ఎవరైనా నీ పనేనని ఇట్టే పట్టేస్తారు. దాని పక్కనే బాయిలరువాడి పని కూడా ఒకటి కనపడితే, రెండూ వాడే చేశాడనుకుంటారు కదా."